బికినీ వాళ్ళు ఇంటికి ఎప్పుడు వెళ్ళొచ్చు?

మీ ప్రశ్న ఇది: పసిఫిక్ మహాసముద్రంలోని మార్షల్ దీవుల్లో, బికినీతో సహా, అమెరికా అణు పరీక్షలు 1958లోనే ఆగిపోయాయి. ఆ పేలుళ్ళు మిగిల్చిన రేడియోధార్మిక పదార్థం సీసియం-137 అర్ధాయుష్షు, అంటే అది సగానికి తగ్గే కాలం, 30 ఏళ్ళు. అంటే రెండు అర్ధాయుష్షులు గడిచిపోయాయి. అయినా బికినీ జనం ఇంకా పరాయి చోట్లే ఎందుకున్నారు? "ఇక భయం లేదు, వెళ్ళండి" అని చెప్పాల్సింది ఎవరు, ఏ కొలత చూసి?

రేడియేషన్ రక్షణ నా వృత్తి. మట్టి, నీళ్ళు, పాలు, చేపలు, కాయగూరల్లో రేడియోధార్మికత కొలిచే ప్రయోగశాలల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. బికినీ గడ్డ మీద నేను అడుగు పెట్టలేదు. కానీ అక్కడి నివేదికలు చదవకుండా ఈ పని నేర్చుకోవడం కష్టం. "వెళ్ళండి, ఏం కాదు" అని నిపుణులు చెప్పడం, జనం నమ్మి వెళ్ళడం, కొన్నేళ్ళకు మూటాముల్లె సర్దుకుని మళ్ళీ పడవెక్కడం ఆ దీవుల్లో రెండుసార్లు జరిగింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

లెక్కతో మొదలుపెడదాం. 1954 నాటి అతి పెద్ద పేలుడుకు పడ్డ సీసియంలో ఇప్పుడు మిగిలింది సుమారు ఐదో వంతు. అంతవరకు మీ లెక్క సరైనదే. అయితే అర్ధాయుష్షు చెప్పేది ఎంత మిగిలిందన్న సంగతి మాత్రమే. ఆ మిగిలినదాంట్లోంచి మనిషి ఒంట్లోకి ఎంత చేరుతుందో అది చెప్పదు. మట్టికీ మనిషికీ మధ్య ఒక కొబ్బరి చెట్టు ఉంది. బికినీ కథంతా ఆ చెట్టు చుట్టూనే తిరుగుతుంది.

ముందు జరిగింది చెబుతాను. బికినీ అంటే పగడపు దిబ్బ మీద దండ గుచ్చినట్టుండే ఇరవైకి పైగా చిన్న దీవులు, వాటి నడుమ లగూన్, అంటే అలల పోటు లేని ఉప్పునీటి సరస్సు. 1946 ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక అమెరికా నౌకాదళ అధికారి బెన్ వాయట్ అక్కడి వాళ్ళను కూర్చోబెట్టి, మానవాళి మేలు కోసం మీ దీవిని కొన్నాళ్ళు ఇస్తారా అని అడిగాడు. కొన్నాళ్ళే అనుకుని మార్చిలో 167 మంది ఓడెక్కారు. మొదట రోంగెరిక్ అనే దీవికి చేర్చారు. అక్కడ తిండి చాలక ఆకలితో చిక్కిపోయారు. 1948లో క్వాజలీన్‌కు, ఆ ఏడాది చివర కిలి దీవికి మార్చారు. కిలి ఒంటి దీవి, చుట్టూ లగూన్ లేదు. ఏడాదిలో చాలా నెలలు అలల ధాటికి పడవ దించడమే కష్టం. తరతరాలుగా లగూన్‌లో చేపలు పట్టి బతికిన వాళ్ళు డబ్బా తిండికి అలవాటుపడ్డారు. వాళ్ళ పిల్లలు, మనవలు కొందరు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. కొందరు రాజధాని మజురో పక్కన ఎజిత్ దీవిలో ఉన్నారు. ఇంకెందరో అమెరికా వెళ్ళిపోయారు.

1946 నుంచి 1958 దాకా మార్షల్ దీవుల్లో మొత్తం 67 పేలుళ్ళు జరిగాయి. అందులో 23 బికినీలో. వాటిలో అతి పెద్దది 1954 మార్చి 1న పేల్చిన బ్రావో. అయిదారు మెగాటన్నులు వస్తుందనుకుంటే 15 మెగాటన్నులొచ్చింది. బాంబులోని లిథియం-7 మండదని వేసిన అంచనా తప్పింది. తూర్పుగా 150 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రోంగెలాప్ మీద కొన్ని గంటల తర్వాత తెల్లటి బూడిద రాలింది. పేలుడుకు పొడి పొడి అయిన పగడం అది. పిల్లలు దానితో ఆడుకున్నారు. అది నీళ్ళలో కలిసింది, అన్నంలో పడింది, జుట్టులో ఇరుక్కుంది. రెండు రోజులు గడిచాక గాని వాళ్ళను అక్కడి నుంచి తీసుకెళ్ళలేదు. అప్పటికే వాంతులు, ఒంటి మీద కాలిన పుళ్ళు, ఊడుతున్న జుట్టు.

మొదటి తప్పు ఈ రోంగెలాప్ వాళ్ళ విషయంలోనే జరిగింది. 1957 మధ్యలో, అంటే బ్రావో పేలి మూడేళ్ళు దాటిందో లేదో, వాళ్ళను తిరిగి ఇంటికి పంపారు. 1954లో ఊళ్ళో లేక తప్పించుకున్న బంధువులు కూడా వాళ్ళతో కలిసి వెళ్ళారు. ఏటేటా వైద్యబృందం ఓడలో వచ్చేది. రక్తం, మూత్రం తీసుకుని, కొలతలు రాసుకుని వెళ్ళేది. తిరిగొచ్చినవాళ్ళ ఒంట్లో సీసియం, స్ట్రాన్షియం అనే మరో రేడియోధార్మిక పదార్థం పెరగడం ఆ కొలతల్లోనే కనబడింది. 1963లో థైరాయిడ్ గడ్డలు బయటపడడం మొదలైంది, ముఖ్యంగా బ్రావో నాటికి చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళలో. అప్పుడు ఊరి పెద్దగా ఉన్న జాన్ అంజైన్ కొడుకు లెకోజ్ బ్రావో నాటికి ఏడాది బిడ్డ. పంతొమ్మిదేళ్ళకు, 1972లో, ల్యుకేమియాతో, అంటే రక్త క్యాన్సర్‌తో, చనిపోయాడు. 1982లో అమెరికా ఇంధన శాఖ మార్షలీ భాషలో ఒక పుస్తకం వేసింది. రోంగెలాప్ ఉత్తరపు దీవుల్లో కాలుష్యం ఖాళీ చేయించిన బికినీ స్థాయిలోనే ఉందని జనం ఆ పటాలు చూసి తెలుసుకున్నారు. పీతల కోసం, గుడ్ల కోసం, కొబ్బరి కోసం వాళ్ళు వెళ్ళే దీవులవి. తమను తీసుకెళ్ళమని అడిగితే ప్రభుత్వాలేవీ ముందుకు రాలేదు. 1985 మేలో గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్ళ రెయిన్‌బో వారియర్ ఓడ మూడు వందల మందికి పైగా జనాన్ని, విప్పిన ఇళ్ళ కలపతో సహా, మెజాటో అనే దీవికి చేర్చింది.

రెండో తప్పు బికినీది. 1968లో అధ్యక్షుడు జాన్సన్ బికినీ వాళ్ళు ఇంటికెళ్ళొచ్చని ప్రకటించాడు. చెత్త తొలగించారు, ఇళ్ళు కట్టారు, వేలకొద్దీ కొబ్బరి మొక్కలు నాటారు. 1972 నుంచి కొన్ని కుటుంబాలు వెళ్ళి స్థిరపడ్డాయి. కొబ్బరి పీతలు, అంటే నేల మీద తిరిగే పెద్ద పీతలు, మాత్రం తినొద్దన్నారు. ఆ నిర్ణయానికి ఆధారం ఒక ఆహార అంచనా. ఎక్కువ భాగం ఓడలో వచ్చే బియ్యం, పిండి, డబ్బాలు తింటారని, స్థానిక పంట కొంచెమే తింటారని లెక్క వేసుకున్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. దీవి నిండా కొబ్బరి మొక్కలు నాటిన చేతులతోనే, జనం కొబ్బరి పెద్దగా తినరని రాసుకున్నారు. ఓడ చెప్పిన రోజుకు రాదు. మొక్కలు కాపుకొచ్చాయి. పిల్లలు బొండాలు తాగారు.

1975లో బికినీ ప్రజలు అమెరికా కోర్టుకెళ్ళి పూర్తి సర్వే చేయించమని అడిగారు. సర్వేకు ఒప్పుకున్నారు. ఖర్చు ఏ శాఖ పెట్టుకోవాలన్న తగువులో మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళూ జనం అక్కడే ఉండి అవే కాయలు తిన్నారు. 1978లో కొలిచినప్పుడు ఒంట్లో సీసియం ఏడాదిలో 75 శాతం పెరిగిందని తేలింది. కొందరిలో అప్పటి అమెరికా పరిమితి దాటిపోయింది. ఆ ఏడాదే అక్కడున్న 139 మందినీ మళ్ళీ ఖాళీ చేయించారు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఆ రోజుల్లో నిపుణుల దగ్గర పరికరాలు లేకపోలేదు. మట్టి కొలతలు ఇంచుమించు సరిగానే ఉన్నాయి. తప్పు పోయింది మనిషి ఎలా బతుకుతాడన్న ఊహలో.

ఇప్పుడు మట్టి సంగతి చెబుతాను, ఎందుకంటే ఇందులో మన కోనసీమకూ ఒక పోలిక ఉంది. సీసియం, పొటాషియం రసాయనికంగా అన్నదమ్ముల్లాంటివి. వేరుకు పొటాష్ కావాలి. దొరక్కపోతే సీసియాన్ని దాని బదులు పీల్చేస్తుంది. గోదావరి డెల్టా మట్టిలో బంకమట్టి ఉంటుంది. ఆ బంకమట్టి పలకల మధ్య సీసియం ఇరుక్కుపోయి వేరుకు అంత తేలిగ్గా అందదు. పగడపు దీవి నేల అలా ఉండదు. అది సున్నపు ఇసుక, పైన కాస్త ఆకుల కుళ్ళు. బంకమట్టి లేదు, పొటాషియం బాగా తక్కువ. ఆకలి మీదున్న వేరుకు సీసియమే పొటాష్ అయింది. అదే నేలలో స్ట్రాన్షియం-90 కూడా ఉంది, కానీ అది కాల్షియం దారిన పోయే మూలకం. నేలంతా కాల్షియమే కాబట్టి చెట్టు దాన్ని పెద్దగా పట్టించుకోదు. ఒక చోటి కొలత ఇంకో చోటికి అప్పు తెచ్చుకోకూడదని మేం అనేది ఇందుకే. ఫుకుషిమాలో పొలాల మట్టి సీసియాన్ని పట్టి ఉంచుకుంది, అక్కడ బయట నుంచి తగిలే గామా కిరణాలే పెద్ద చింత. బికినీలో ముప్పులో పెద్ద వాటా కంచంలోంచి వస్తుంది: కొబ్బరి, సీమపనస, పండనస్ పండు. పండనస్ అంటే మన మొగలి కుటుంబపు చెట్టే. మనం పువ్వు తలలో పెట్టుకుంటాం, వాళ్ళు పండు తింటారు, పసిపిల్లలకు దాని గుజ్జు పెడతారు.

నేను పనిచేసిన ఒక ప్రయోగశాలకు కోనసీమ నుంచి కొబ్బరికాయలు నమూనాలుగా వచ్చేవి. పీచు వలిచి, కాయ కొట్టి, కొబ్బరి తురిమి, ఓవెన్‌లో కురిడీ కన్నా గట్టిగా ఎండబెట్టేవాళ్ళం. గదంతా పెళ్ళింటి వంటగదిలా వాసన. ఆ పొడిని ప్లాస్టిక్ డబ్బాలో అదిమి నింపి, మందపాటి సీసపు పెట్టెలో జెర్మేనియం డిటెక్టర్ మీద కూర్చోబెట్టి, రాత్రంతా వదిలేసేవాళ్ళం. తెల్లారి వచ్చి తెర మీద చూస్తే 1461 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (గామా కిరణాల శక్తికి కొలమానం) దగ్గర ఒక శిఖరం నిటారుగా నిలబడి ఉండేది. అది సహజ పొటాషియం-40, మన అందరి ఒంట్లోనూ ఉండేదే. సీసియం గీత 662 దగ్గర రావాలి. అక్కడ చదునుగా, నేపథ్యపు చుక్కలు మాత్రమే. ఆ చదును చూసినప్పుడల్లా నాకు బికినీ కాయల వర్ణపటాలు గుర్తొచ్చేవి. వాటిలో 662 దగ్గరి శిఖరమే కొండలా లేస్తుంది. చూడ్డానికి రెండూ కొబ్బరికాయలే. రుచిలో తేడా ఉండదు, వాసనలో ఉండదు. ఆ దీవుల తల్లికి తన కంటితో, ముక్కుతో తెలుసుకునే దారి ఏదీ లేదు. మార్షలీ భాషలో దీన్ని "బైజిన్" అంటారు, ఇంగ్లీషులో విషానికున్న పేరు నుంచి తీసుకున్న మాట. వాళ్ళు పెట్టిన ఆ పేరులో శాస్త్రపరంగా పెద్ద తప్పేమీ లేదు.

సీసియం పొటాష్ దారిన పోతుందన్న సంగతిలోనే మందు కూడా ఉంది. కొబ్బరి చెట్టు పాదులో పొటాష్ వేయడం మన రైతులకు కొత్త చెప్పక్కర్లేదు. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వాళ్ళు బికినీలో ఏళ్ళ తరబడి అదే చేసి చూశారు. పొటాషియం క్లోరైడ్ వేసిన చెట్ల కాయల్లో సీసియం పదో వంతుకు, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువకు పడిపోయింది. ఒకసారి వేస్తే ఆ ఫలితం కొన్నేళ్ళు నిలిచింది. బికినీ పెద్దలు చాలాకాలం కోరింది వేరు: పైమట్టి అంతా గీకి తీసేయమని. వాళ్ళ కోరికలో న్యాయం ఉంది. విషం ఉన్న మట్టిని ఇంటి ముందు ఉంచుకుని ఎరువు వేసుకుంటూ బతకమంటే ఎవరికి మనసొప్పుతుంది? కానీ ఆ అరడుగు, అడుగు నల్లమట్టి ఏర్పడడానికి వందల ఏళ్ళు పట్టింది. అది పోతే మిగిలేది తెల్ల ఇసుక, దాని మీద చెట్టు బతకదు. అందుకని మధ్యేమార్గంగా ఇళ్ళ చుట్టూ, పిల్లలు పాకే ఆడుకునే చోట మట్టి తీసి కొట్టిన పగడం పరవడం, తోటల్లో పొటాష్ వేయడం అనే పద్ధతి వచ్చింది. నా ఓటు దానికే. రోంగెలాప్ ఊళ్ళో కూడా ఇలాగే చేశారు.

ఇంకో సంగతి. వాన నీటితో పాటు సీసియం కొంత వేళ్ళకు అందని లోతుకు జారిపోతుంటుంది. లివర్‌మోర్ వాళ్ళు ఏళ్ళ తరబడి పండ్లు కొలిచి చెప్పిందేమంటే, ఆ దీవుల పంటల్లో సీసియం సగానికి తగ్గడానికి నిజంగా పట్టే కాలం 8.5 ఏళ్ళ చొప్పున ఉంది, 30 కాదు. మీ ప్రశ్న వెనకున్న ఆశకు ఇది మంచి కబురే.

మరి ఎంత వరకైతే సరే? 1995 చివర్లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ బికినీ మీద నిపుణుల బృందాన్ని కూర్చోబెట్టింది, 1998లో నివేదిక వచ్చింది. పూర్తిగా స్థానిక పంట తింటే ఏడాదికి సుమారు 15 మిల్లీసీవర్ట్ (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదుకు కొలమానం), బయట నుంచి తెచ్చుకున్న తిండి కలిపి తింటే 4 దాకా రావచ్చని అంచనా వేశారు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచే ఏటా 2.4 వస్తుంది, ఇది దానికి అదనం. ఉన్న పరిస్థితిలో, స్థానిక తిండి మీదే ఆధారపడి శాశ్వతంగా కాపురం ఉండొద్దని, పొటాష్ వేసి, ఊరి దగ్గర మట్టి మారిస్తే ఉండొచ్చని వాళ్ళ సలహా. చూడండి, అదే దీవి, అదే మట్టి. కంచం మారితే ముప్పు నాలుగో వంతు అయింది.

8.5 ఏళ్ళ లెక్క సాగుతూ వచ్చిందనుకుంటే ఆ 15లోని తిండి వాటా ఈపాటికి పదో వంతు దగ్గరికి వచ్చి ఉండాలి. ఇది కాగితం మీది లెక్క. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రచురించిన కొలతల్లో బికినీ దీవిలో నేల నుంచి వచ్చే గామా ఒక్కటే సగటున ఏడాదికి 1.84 మిల్లీసీవర్ట్ దగ్గర ఉంది. రోంగెలాప్‌లో 0.2, బాంబులు పేల్చిన ఇంకో దీవుల గుంపు ఎనెవెటాక్‌లో 0.08. అమెరికా, మార్షల్ ప్రభుత్వాలు ఒప్పుకున్న హద్దు 1 మిల్లీసీవర్ట్. 2019లో అదే బృందం పండ్లు కొలిస్తే బికినీ పండ్లు కొన్ని అంతర్జాతీయ పరిమితులు దాటాయి. ఆ 1.84 తిండి కలపని గామా లెక్క మాత్రమే అని గుర్తుంచుకోండి.

హద్దు విషయంలోనూ పెద్ద పేచీ ఉంది. రోంగెలాప్ ఒప్పందంలో 1 మిల్లీసీవర్ట్, అదీ పూర్తిగా స్థానిక తిండి తిన్నా దాటకూడదన్న షరతుతో. మార్షల్ దీవుల అణు నష్టపరిహార ట్రైబ్యునల్ 0.15 తీసుకుంది. అమెరికాలో తమ సొంత నేల శుభ్రం చేసేటప్పుడు వాడే హద్దు అదే, మా నేలకు మాత్రం వేరే కొలమానం ఎందుకని మార్షలీయుల వాదన. ప్రమాదం జరిగిపోయాక జనం ఉంటున్న చోట 1 నుంచి 20 మధ్య ఎక్కడో ఒక లక్ష్యం పెట్టుకుని క్రమంగా 1కి దించండని అంతర్జాతీయ సిఫారసు. వింటే ఇవి శాస్త్రజ్ఞుల మధ్య తగాదాలా అనిపిస్తాయి. నిజానికి శాస్త్రం చెప్పేది "మోతాదు ఇంత పెరిగితే క్యాన్సర్ ముప్పు ఇంత పెరుగుతుంది" అన్నంత వరకే. ఎంత ముప్పు భరించదగ్గది అన్నది భరించేవాళ్ళు చెప్పాల్సిన మాట.

కేరళ తీరంలో మోనజైట్ ఇసుక వల్ల అంతకన్నా ఎక్కువ వస్తోంది కదా, మన భీమిలి, శ్రీకాకుళం ఇసుకలోనూ మోనజైట్ ఉంది కదా అని కొందరు అంటారు. నిజమే, ఉంది. కానీ తాతల నాటి నుంచి ఉన్న ఇసుక మీద బతకడం వేరు, ఒకరు వచ్చి బాంబు పేల్చి పోయాక "మీకు ఇదీ మామూలే అనుకోండి" అనిపించుకోవడం వేరు. అంకెలు పక్కపక్కన పెట్టి చూపించడం తప్పు కాదు. ఆ పోలికతో ఎదుటివాళ్ళ నోరు నొక్కడం తప్పు.

ఎనెవెటాక్ కథ ఇంకో రకం. 1947 డిసెంబరులో అక్కడి వాళ్ళను ఉజెలాంగ్‌కు పంపారు. 1977 నుంచి 1980 దాకా అమెరికా సైనికులు సుమారు 4,000 మంది శుభ్రం చేశారు. కలుషిత మట్టిని రునిట్ దీవిలో 1958 నాటి ఒక పేలుడు గోతిలో పోసి, పైన 46 సెంటీమీటర్ల కాంక్రీటు గుమ్మటం కప్పారు. గోతికి అడుగున ఏ పూతా లేదు, సముద్రపు ఆటుపోట్లకు కింద నీరు కదులుతూనే ఉంటుంది. అందులో ప్లుటోనియం-239 ఉంది, దాని అర్ధాయుష్షు 24,100 ఏళ్ళు. వార్తల్లో అందరూ గుమ్మటం గురించే రాస్తారు. గుమ్మటంలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ప్లుటోనియం ఆ లగూన్ అడుగు మట్టిలోనే పడి ఉంది. రునిట్ మీద ఇక ఎవరూ ఉండకూడదు. జనం 1980లో దక్షిణపు దీవులకు తిరిగి వచ్చారు, ఇప్పటికీ ఉన్నారు. అయితే వాళ్ళలో ఉత్తరాన ఎంజెబి దీవి సొంతమైనవాళ్ళు ఒక వర్గం. వాళ్ళు తిరిగి వచ్చింది బంధువుల దీవికే, తమ ఇంటికి రాలేదు. "ఎనెవెటాక్ వాళ్ళు తిరిగొచ్చారు" అన్న వాక్యంలో వీళ్ళు కనబడరు.

ఎవరు చెప్పాలి అన్న మీ చివరి ప్రశ్నకు వస్తాను. ఇందులో నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి సముద్రం ఒడ్డున ఒక పల్లెలో ఆహార సర్వేకు వెళ్ళాం. ఎవరు రోజుకు ఎన్ని గ్రాములు ఏం తింటారో రాసుకునే ఫారం నా చేతిలో ఉంది. గుమ్మంలో వల అల్లుకుంటున్న పెద్దావిడను "రోజుకెంత చేప తింటారమ్మా?" అని అడిగాను. "దొరికిన రోజు తింటాం నాయనా, దొరకని రోజు మజ్జిగన్నం" అంది. ఫారంలో గ్రాములకు ఒక గడి మాత్రమే ఉంది. నేను ఏదో సగటు రాశాను. ఆమె పక్కన మనవడు గుప్పెడు ఈతపళ్ళు నోట్లో వేసుకుంటున్నాడు. పండ్ల జాబితాలో అరటి, మామిడి, జామ ఉన్నాయి, ఈత లేదు. ఆ ఫారం అలాగే సంతకం పెట్టి ఇచ్చాను. అక్కడ ఏ కాలుష్యమూ లేదు కాబట్టి ఎవరికీ నష్టం జరగలేదు. కానీ ఆ పిల్లాడి గుప్పెడు నాకు ఇప్పటికీ గుర్తే. 1972లో బికినీ విషయంలో కాగితం మీద రాసిన సగటు మనిషి కూడా ఇలాంటివాడే. ఆ సగటు మనిషి ఆ దీవిలో ఎప్పుడూ కాపురం ఉండలేదు.

అందుకే లెక్క మొదలుపెట్టాల్సింది ఓడ ఆలస్యమైన నెలలో, అమ్మమ్మ దగ్గర ఉంటూ, కనబడిన కాయల్లా తినే పిల్లతో. ఆ పిల్లకు హద్దు దాటకపోతే మిగతావాళ్ళకూ దాటదు. "ఈ దీవికి వెళ్ళకండి, ఆ పీత తినకండి" అన్న ఆంక్షలు పాటిస్తేనే క్షేమం అని తేలితే, ఆ చోటు ఇంకా సిద్ధం కాలేదని నేను అంటాను. ఆకలేసినప్పుడు నోటీసు చదివి ఎవరూ తినరు. ఎవరు కొలిచారన్నది కూడా ముఖ్యమే. పేల్చినవాళ్ళే కొలిచి, వాళ్ళే భరోసా ఇస్తే, అంకె నిజమైనా నమ్మకం పుట్టదు. 1957 తర్వాత రోంగెలాప్ వాళ్ళు తమ మీద ప్రయోగం జరిగిందని నమ్మారంటే, ఏటా రక్తం తీసుకెళ్ళి ఫలితం వాళ్ళ భాషలో వాళ్ళ చేతికి ఇవ్వకపోవడం అందుకు చిన్న కారణం కాదు.

డబ్బు కూడా ఇందులో భాగమే, తప్పించుకోలేం. ట్రైబ్యునల్ 2001లో బికినీకి 56.3 కోట్ల డాలర్లు ఇవ్వాలని తీర్పిచ్చింది. ట్రైబ్యునల్ దగ్గర అంత సొమ్ము ఎప్పుడూ లేదు, ఆ తీర్పులో చేతికి అందింది చాలా కొంచెం. తిరిగి రావడానికని దాచిన నిధి మీద 2017లో అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ అజమాయిషీ వదిలేశాక కొన్నేళ్ళలోనే అది ఇంచుమించు ఖాళీ అయింది. ఈలోగా సముద్రం ఎత్తు పెరుగుతోంది. కిలి మీదికి పెద్ద పోటు అలలు వచ్చి పడుతున్నాయి. అంటే ఉన్న చోట ఉండడమూ ముప్పే. "కొంచెం అనుమానం ఉన్నా వెళ్ళొద్దు" అని చెప్పి చేతులు దులుపుకోవడం నాకు న్యాయంగా అనిపించకపోవడానికి ఇదే కారణం. పరాయి చోట మూడు తరాలు గడపడం కూడా ఆరోగ్యానికి మంచిది కాదు. డబ్బా తిండి మీద బతికిన మార్షలీయుల్లో చక్కెర జబ్బు ఎంత విపరీతంగా ఉందో అక్కడి వైద్యులందరికీ తెలుసు. ఆ నష్టం మా మిల్లీసీవర్ట్ లెక్కల్లో ఎక్కడా రాదు.

ఇక సూటిగా. ఒక బికినీ కుటుంబం ఈరోజు నన్ను అడిగితే ఏం చెబుతాను? చూసి రావడానికి, పూర్వీకుల సమాధులు శుభ్రం చేసుకోవడానికి, బయటి తిండితో కొన్ని నెలలు పని చేయడానికి నిశ్చింతగా వెళ్ళండి. 1996 నుంచి అక్కడ మునిగిన యుద్ధనౌకలు చూడడానికి ఈతగాళ్ళు వెళ్ళి వస్తున్నారు, లగూన్ చేపల్లో సీసియం పెద్ద బెడద కాదు. పసిపిల్లలతో కాపురం పెట్టి, తోటలోది తింటూ బతకడానికి మాత్రం ఇంకా ఆగండి: ఇళ్ళ చుట్టూ మట్టి మార్చి, తోటలన్నిటికీ పొటాష్ వేసి, రెండు మూడు కాపుల పాటు మీ సొంత మనుషులు కాయలు కొలిచి చూసేదాకా.

ఆ తర్వాత కూడా అందరూ ఒక్కసారి వెళ్ళకూడదు. ముందు పెద్దవాళ్ళు కొన్ని కుటుంబాలు వెళ్ళాలి. ఊళ్ళో హోల్ బాడీ కౌంటర్ ఉండాలి. కుర్చీలో పది పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఒంట్లో సీసియం ఎంతుందో చెప్పే యంత్రం అది, ఎనెవెటాక్‌లో ఇప్పటికే నడుస్తోంది, నడిపేది స్థానికులే. పెద్దవాళ్ళ ఒంట్లోంచి సీసియం సగం పోవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, పిల్లల్లో ఇంకా త్వరగా పోతుంది. అంటే ఆర్నెల్లకోసారి కూర్చుంటే ఆ ఆర్నెల్లలో ఏం తిన్నారో యంత్రమే చెప్పేస్తుంది, నా ఫారంలా ఈతపళ్ళు వదిలేయదు. ఫలితం అదే రోజు, మార్షలీ భాషలో, ఆ మనిషి చేతికే ఇవ్వాలి. ఏ అంకె దాటితే ఏం చేస్తారో వెళ్ళకముందే రాసుకోవాలి. తిరిగి రావాల్సి వస్తే ఓడ ఖర్చు, ఇంటి ఖర్చు ముందే ఒక పక్కన పెట్టి ఉంచాలి, దాన్ని తీసే అధికారం ఆ ఊరి మండలి చేతిలో ఉండాలి. 1975లో సర్వే అడిగి 1978 దాకా ఎదురుచూసిన వాళ్ళకు అప్పుడు లేకపోయింది అదే.